నాన్నగారి 1967 ఫియట్‌కు సరైన ధర ఎంత, కొనేవారిని ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: అప్‌ల్యాండ్స్ వాసి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1967లో కొన్న ఫియట్ 1100 డిలైట్ కారు విశాఖపట్నంలో వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోని మా ఇంట్లో ఉంది. కారు కావాలంటే ముందుగా పేరు నమోదు చేయించుకుని ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకోవలసిన ఆ రోజుల్లో, పోర్టులో ఇంజనీరుగా పనిచేస్తూ ఆయన దీన్ని సంపాదించుకున్నారు. కేటాయింపు ఉత్తరం, డీలరు ఇచ్చిన బిల్లు, పుస్తకం రూపంలో ఉన్న పాత సీ బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం, ఆర్‌సీ), ఏ నెలలో ఏ పని చేయించారో ఆయన చేత్తో రాసుకున్న రెండు నోటుపుస్తకాలు ఒక రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. మొదటినుంచీ ఒకే యజమాని, అదే మూడక్షరాల పాత నంబరు.

రెండేళ్ల క్రితం నాన్నగారు కాలం చేశారు. అమ్మ హైదరాబాద్‌లో మా చెల్లెలి దగ్గర ఉంటోంది. వచ్చే వేసవిలో ఇంటి స్థలాన్ని అపార్ట్‌మెంటు కట్టడానికి ఇస్తున్నాం కాబట్టి, కారుకు ఇక్కడ చోటు ఉండదు. నాకు పుణెలో ఉన్నది ఒకే ఒక పార్కింగు స్థలం. అమ్మక తప్పదు, కానీ అడ్డికి పావుశేరు లెక్కన వదిలించుకోవడానికి మాత్రం మనసు ఒప్పడం లేదు.

కారు పరిస్థితి ఉన్నదున్నట్టు చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయి కారు కొన్ని రోజులపాటు వానలో తడిసింది. ఆ తర్వాత నాన్నగారు టింకరింగ్ పని, పెయింటు చేయించారు. రిజిస్ట్రేషన్ గడువు 2022 మే నెలలో తీరిపోయింది, ఆయన ఆరోగ్యం బాగోలేక మళ్లీ చేయించలేదు, అప్పటినుంచి రోడ్డెక్కలేదు. పోయిన నెల తెలిసిన మెకానిక్ వచ్చి పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు శుభ్రం చేసి కొత్త బ్యాటరీ వేస్తే ఇంజన్ మూడో ప్రయత్నానికే అందుకుంది. బ్రేకులు పట్టడం లేదు. ముందు సీటు కింది మ్యాటు ఎత్తితే తుప్పు కనిపిస్తోంది.

ఇప్పటిదాకా వచ్చిన బేరాలు ఇవి. పాత ఇనుము వ్యాపారి ఒకాయన 45,000 ఇస్తానని, పదిహేనేళ్లు దాటిన బండి చట్టం ప్రకారం తుక్కుకే వెళ్లాలని చెప్పాడు. ఒక బ్రోకరు 1,20,000 నగదు అక్కడికక్కడే ఇస్తానని, ఫారాల మీద తేదీ, పేరు లేకుండా సంతకాలు చేసి ఇస్తే చాలని అన్నాడు. ఆన్‌లైన్‌లో నాలుగు లక్షలకు ప్రకటన పెడితే, సైన్యంలో పనిచేస్తున్నానని చెప్పిన ఒకతను కారు చూడకుండానే ఒప్పుకుని, అడ్వాన్సు పంపడానికి ఏదో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నాడు. నేను చేయలేదు. మా బావగారేమో రెండు లక్షలు ఖర్చుపెట్టి కొత్త పెయింటు, కొత్త సీట్లు వేయిస్తే ఆరు లక్షలకు తక్కువ రాదని గట్టిగా చెబుతున్నారు.

న్యాయమైన ధర ఎలా తెలుసుకోవాలి? ఇలాంటి కారును నడుపుకునేవారు, చూసుకునేవారు ఎక్కడ దొరుకుతారు? బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మాధవధార పెద్దాయన

అయ్యా, నేను రవాణా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ధర సంగతి నాకన్నా తెలిసినవారు చెబుతారు. ధర కన్నా ముందు తేలవలసింది ఒకటుంది: ఈ రోజున ఆ కారును అమ్మే హక్కు కాగితం మీద మీకు లేదు. సీ బుక్కులో ఉన్న పేరు మీ నాన్నగారిది. బ్రోకరు తేదీ లేని సంతకాలు అడగడానికి కారణం కూడా అదే. కాగితాలు తేలని బండిని సగం ధరకు కొని, తర్వాత తన దారి తాను చూసుకోవచ్చని అతని లెక్క.

ముందుగా ఇనుము వ్యాపారి మాటను పక్కన పెట్టండి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగకూడదన్న ఆంక్ష ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతానికి సంబంధించి వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం ఆపేసింది పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకు. విశాఖలోని సొంత కారుకు ఈ రెండూ వర్తించవు. బండి తనిఖీలో నిలబడితే ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ పోవచ్చు.

ఇక మీరు చేయవలసిన పని. యజమాని మరణించినప్పుడు వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. దానికి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మీ అమ్మగారు, చెల్లెలుగారు తమకు అభ్యంతరం లేదని ఇచ్చే ప్రమాణపత్రాలు, పాత సీ బుక్కు, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్సు కావాలి. వీలైతే అమ్మగారి పేరు మీద కాకుండా మీ పేరు మీదనే మార్పించుకోండి, లేకపోతే రేపు అమ్మేటప్పుడు ప్రతి సంతకానికీ ఆవిడను ప్రయాణం చేయించవలసి వస్తుంది. పుస్తకం రూపంలోని పాత ఆర్‌సీల వివరాలు చాలావరకు కంప్యూటర్‌లో ఉండవు, అవి ఎక్కితే గానీ ఏ దరఖాస్తూ ముందుకు కదలదు. అందువల్ల అసలు పుస్తకంతో ఒకసారి మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయానికి స్వయంగా వెళ్లి, మీ నంబరు కనిపిస్తోందో లేదో మొదటిరోజే చూపించుకోండి.

గడువు తీరిన రిజిస్ట్రేషన్‌ను పొడిగించడానికి ఫారం 25. ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుము 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు. ఆలస్యానికి నెలకు 500 అదనం. మీకు మూడున్నరేళ్లు దాటుతోంది కాబట్టి అదొక్కటే 21,000 దాకా తేలుతుంది. బ్రేకులు లేని బండిని నడుపుకుంటూ తనిఖీకి తీసుకెళ్లవద్దు, ట్రాలీ వాహనం మీద ఎక్కించి తీసుకెళ్లండి.

తేదీ లేని ఫారాల మీద సంతకం ఎవరికీ, ఎంత నమ్మకస్తుడికైనా, పెట్టకండి. కారు చేతులు మారినా పుస్తకంలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగిన రోజున నష్టపరిహారం బాధ్యత పుస్తకంలో పేరున్న వ్యక్తిదేనని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో కారు ఒకరి తర్వాత ఒకరుగా పలువురి చేతులు మారింది, బాధ్యత మాత్రం రికార్డులో మిగిలిపోయిన మొదటి వ్యక్తి మీదే పడింది. నేను పనిచేసిన రోజుల్లో, ఎప్పుడో అమ్మేసిన స్కూటరు కోసం కోర్టు నోటీసు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డ వృద్ధులను చూశాను. వారికి ఏం చెప్పాలో తోచేది కాదు.

జవాబు: కంచరపాలెం గ్యారేజీ

నమస్కారం సార్. పాత ఫియట్‌లు, అంబాసిడర్‌ల మీద పనిచేసేవాడిని. పెద్దాయన కాగితాల గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను రేకు గురించి చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో పాత కారు ధరను నిర్ణయించేది ఇంజన్ కాదు, రేకే.

ఫియట్‌కు విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే ఛాసిస్. అడుగు రేకు, తలుపుల కింద పొడవునా ఉండే బోలు సిల్లులు, జాకీ పెట్టే చోట్లు, వెనుక స్ప్రింగులు బిగించే చోట్లు గట్టిగా ఉంటే కారు గట్టిగా ఉన్నట్టు. అవి తుప్పుపట్టి ఉంటే పైన ఎంత మెరిసినా లాభం లేదు. మీ ఇల్లు సముద్రానికి దగ్గర, తుఫానులో తడిసింది, మూడేళ్లుగా కదల్లేదు. కొనడానికి వచ్చే తెలివైన మనిషి బానెట్ ఎత్తడానికి ముందే మోకాళ్ల మీద కూర్చుని కిందకు చూస్తాడు. అతను చూసేలోపు మీరు చూడండి.

ఎలా చూడాలో చెబుతాను. మ్యాట్లన్నీ తీసేయండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడండి. స్క్రూడ్రైవరు పిడితో సిల్లు పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖణేలుమంటుంది, తుప్పు తిన్న రేకు తడి అట్టను తట్టినట్టు బొద్దుగా పలుకుతుంది. తలుపుల అడుగు అంచున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి తలుపు కింద నుంచి తినేస్తుంది. చిన్న అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి తలుపుల కింది భాగం మీద, మడ్‌గార్డుల మీద జరపండి. పట్టుకోకుండా జారిపోయిన చోట రేకు కాదు, పుట్టీ ఉంది. తుఫాను తర్వాత చేసిన పనిలో పుట్టీ ఉండే ఉంటుంది. ఉంటే ఎక్కడ ఉందో రాసుకోండి, దాచకండి.

ఆ తర్వాత నంబర్లు. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు తేలుతాయి. ఇంజన్ దిమ్మ మీద నంబరు చూసి, రెండూ సీ బుక్కుతో అక్షరం అక్షరం సరిపోల్చండి. రెండూ కలిస్తే ఆ కాగితమే మీ కారుకు పెద్ద బలం. కలవకపోతే ముందే తెలుసుకోవడం మంచిది.

బావగారి మాటకు వస్తే, దయచేసి పెయింటు వేయించవద్దు. కొత్త పెయింటు చూసిన కొనుగోలుదారుకు మొదట వచ్చే ఆలోచన, దీని కింద ఏం దాచారు అని. పైగా అమ్మడానికి వేయించే పెయింటు ఎవరూ రేకు దాకా గీకి వేయరు. మీరు రెండు లక్షలు పెడితే కొనేవాడికి అందులో సగం విలువ కూడా కనిపించదు, ఎందుకంటే అతను తన ఇష్టం వచ్చిన రంగుతో, తన మనిషితో మళ్లీ చేయించుకుంటాడు. నిరుడు నా దగ్గరకు ఒక ప్రీమియర్ పద్మిని కారు వచ్చింది. కొత్త ఎరుపు రంగు, కొత్త సీటు కవర్లు. లిఫ్టు మీద ఎత్తితే డ్రైవరు పక్క సిల్లు మొత్తం పుట్టీ, గుడ్డ పీలికలు. అడుగు రేకు, రెండు సిల్లులు మార్చడానికి ఆరు వారాలు పట్టింది. కొన్నాయన ముఖం చూడలేకపోయాను.

మీరు ఖర్చు పెట్టవలసింది బ్రేకులకు. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, పైపులు బాగు చేయిస్తే కారు తనంతట తాను కదిలి తనంతట తాను ఆగుతుంది. నడిచే కారు వేరు, నెట్టే కారు వేరు. ఆ తేడాకు మీరు పెట్టిన దానికన్నా ఎక్కువే తిరిగి వస్తుంది. ఇంజన్ సామాను గురించి భయం లేదు. ఇదే 1089 సీసీ ఇంజన్ తర్వాత పద్మినిలోనూ వచ్చింది, 1974 నుంచి పాతికేళ్లకు పైగా ఆ పేరుతో బళ్లు తయారయ్యాయి కాబట్టి సామాను ఇంకా తిరుగుతోంది. దొరకనివి అద్దాలు, క్రోము బీడింగులు, వెనుక లైట్ల గాజులు, గ్రిల్లు, అసలు చక్రాల మూతలు. ఇవి మీ దగ్గర ఉంటే, విడిగా అమ్మమని ఎవరడిగినా ఇవ్వకండి.

జవాబు: ఎంవీపీ కాలనీ మిత్రుడు

పై సోదరుడు పెయింటు గురించి చెప్పింది నాకు అనుభవమే. మా మామగారి 1969 స్టాండర్డ్ హెరాల్డ్‌ను నాలుగేళ్ల క్రితం అమ్మాను. మద్రాసులో తయారైన కారు, బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది, దానికి ఫియట్‌లా కాకుండా ఛాసిస్ విడిగా ఉంటుంది. చూడటానికి బాగుండాలని ఒక షాపులో పూర్తి పెయింటు చేయించాను. వాళ్లు పాత బ్యాడ్జీలను స్క్రూడ్రైవరుతో పీకి రెండు విరగ్గొట్టారు, ఒకటి పారేశారు. వచ్చిన మొదటి కొనుగోలుదారు అరగంట సేపు అయస్కాంతంతో కారు చుట్టూ తిరిగి, ఈ పని చేయించకుండా ఉంటే నలభై వేలు ఎక్కువ ఇచ్చేవాడినని మొహమాటం లేకుండా చెప్పి వెళ్లిపోయాడు.

కొనేవారి గురించి నా సలహా ఇది. పాత కార్ల అమ్మకాల సైట్లలో మీ ఫియట్ మారుతీల మధ్య నిలబడుతుంది, చూసేవాడు దాన్ని పాత మారుతీతోనే పోల్చి బేరమాడతాడు. పాత కార్లు పెట్టుకునేవారికి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరు, ముంబయి వంటి నగరాల్లో సంఘాలు ఉన్నాయి, ఫియట్ యజమానులకే విడిగా వాట్సాప్, ఫేస్‌బుక్ బృందాలు ఉన్నాయి. ర్యాలీ జరిగినప్పుడు వచ్చే జనంలో సగంమంది తర్వాతి బండి కోసం వెతుక్కుంటున్నవారే. నా హెరాల్డ్ చివరికి చెన్నై సంఘంలోని ఒకరి ద్వారా పోయింది. ఆయన కొనలేదు, మరొకరికి చెప్పారు. ఇలాంటి బళ్లు చాలావరకు నోటిమాట మీదే పోతాయి.

ఆ క్యూఆర్ కోడ్ వ్యక్తి మోసగాడే, సందేహం లేదు. మనకు డబ్బు రావడానికి మనం కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ నొక్కనక్కర్లేదు. పిన్ నొక్కితే పోయేది మన డబ్బే. మీరు ఆగడం మంచిదైంది.

మళ్లీ: అప్‌ల్యాండ్స్ వాసి

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ ఈ శని, ఆదివారాల్లో చేశాను. ఛాసిస్ నంబరు పెన్సిలుతో రుద్దితే అన్ని అంకెలూ తేలాయి, సీ బుక్కుతో సరిపోయాయి, ఇంజన్ నంబరు కూడా సరిపోయింది. డ్రైవరు కాళ్ల కింద అరచేయంత మేర రేకు పూర్తిగా పోయింది. ఎడమ సిల్లు గట్టిగా పలికింది, కుడి సిల్లు వెనుక చివర జానెడు మేర బొద్దుగా పలికింది. ఎడమవైపు రెండు తలుపుల కింది భాగంలో అయస్కాంతం పట్టుకోలేదు. రేకు పెట్టె అడుగున, 1983 నాటి వార్తాపత్రికలో చుట్టిన నాలుగు అసలు చక్రాల మూతలు, ఒక వెనుక లైటు గాజు దొరికాయి. అవి ఉన్నాయని అమ్మకు కూడా తెలియదు.

ఒక సందేహం. వింటేజ్ కింద రిజిస్ట్రేషన్ చేయిస్తే ధర పెరుగుతుందని ఒకరు అంటున్నారు. అది నేను చేయించాలా?

జవాబు: మాధవధార పెద్దాయన

2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. మీది 1967 కాబట్టి వయసు సరిపోతుంది. మొదటిసారి రుసుము 20,000, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పొడిగింపుకు 5,000. ఇప్పటికే నంబరు ఉన్న బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. కొత్తగా నంబరు తీసుకునేవారికి మాత్రమే వీఏ అక్షరాలున్న వరుస ఇస్తారు.

మీ లెక్కలో మామూలు పొడిగింపుకు ఆలస్య రుసుముతో కలిపి 31,000 అవుతోంది కాబట్టి, 20,000 చవకగా కనిపించవచ్చు. కానీ వింటేజ్ కింద నమోదైన బండిని రోజువారీ పనులకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లడానికే అనుమతి. ఆదివారం కుటుంబంతో భీమిలి దాకా వెళ్లి రావాలని కొనేవారికి అది సంకెల అవుతుంది. మీరు వారసత్వ మార్పు వరకు పూర్తిచేసి, పొడిగింపు మామూలుగానా, వింటేజ్ కిందనా అన్నది కొనేవారు తేలాక వారినే అడిగి చేయించడం మేలు. ఆ ఖర్చు ఎవరు భరించాలో బేరంలోనే తేల్చుకోండి. నెలకు 500 పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మరీ నాన్చవద్దు.

జవాబు: హైదరాబాద్ నుంచి ఒక ఫియట్ యజమాని

నా దగ్గర 1965 నాటి డిలైట్ ఒకటి, పద్మిని ఒకటి ఉన్నాయి. మూడోదానికి చోటు లేదు కాబట్టి నాకు మీ కారు మీద ఆశ లేదని ముందే చెప్పి, కొనేవాడి వైపు నుంచి నాలుగు మాటలు రాస్తాను.

కాకిపిల్ల కాకికి ముద్దు అన్నది ఈ వ్యవహారంలో మొదట గుర్తుపెట్టుకోవలసిన సామెత. మీ నాన్నగారి జ్ఞాపకం మీకు ఎంత విలువైనదో నాకు తెలుసు, నా మొదటి కారు కూడా అలాగే వచ్చింది, కానీ దానికి కొనేవాడు వెల కట్టలేడు. అతను వెల కట్టగలిగింది ఆ జ్ఞాపకం మిగిల్చిన ఆధారాలకు. ఒకే యజమాని, అసలు బిల్లు, కేటాయింపు ఉత్తరం, చేత్తో రాసిన మరమ్మతు పుస్తకాలు, కలిసిన నంబర్లు, కాగితంలో చుట్టి దాచిన చక్రాల మూతలు. ఇవన్నీ ఒకేచోట ఉన్న డిలైట్ నాకు పదేళ్లలో రెండుసార్లే కనిపించింది.

ధర ఎలా కట్టాలో చెబుతాను. ఆన్‌లైన్‌లో కనిపించేవి అడిగే ధరలు, చేతులు మారిన ధరలు కావు. ఏడాదిగా అదే ధరతో కదలకుండా ఉన్న ప్రకటన, ఆ ధరకు ఎవరూ కొనరని చెబుతుందే తప్ప కారు విలువను చెప్పదు. ఫియట్ బృందాల్లో ఇటీవల అమ్మినవారిని, కొన్నవారిని విడిగా అడగండి. అడిగితే చాలామంది చెబుతారు. నలుగురైదుగురు చెప్పిన తర్వాత, తుప్పు లేకుండా నడిచే స్థితిలో ఉన్న ఇలాంటి కారు ఎంతకు పోతోందో ఒక అంచనా వస్తుంది. అందులోంచి మీ కారుకు కావలసిన రేకు పని, టైర్లు, కాగితాల ఖర్చు తీసేయండి. కొనేవాడు ఎదురుచూడవలసిన నెలలకు కూడా కొంత తగ్గించండి, అది చాలామంది మరిచిపోతారు. మీరు రాసిన దాన్నిబట్టి, బ్రేకులు పనిచేసి, పేరు మార్పు పూర్తయితే నేనైతే మూడు లక్షల దగ్గర మాట మొదలుపెడతాను. బ్రోకరు చెప్పిన 1,20,000 తక్కువే. మీరు పెట్టిన నాలుగు లక్షలు ఆ అడుగు రేకుతో రావు.

ప్రకటనలో దూరం నుంచి తీసిన అందమైన ఫొటోలు రెండు చాలు, దూరపు కొండలు నునుపని అందరికీ తెలుసు. మిగతావి దగ్గరగా తీయండి. ఆ అరచేయంత రంధ్రాన్ని పక్కన స్కేలు పెట్టి తీయండి. సిల్లులు, జాకీ చోట్లు, డిక్కీ అడుగు, డైనమో, స్టీరింగ్ కింది గేరు కడ్డీ, మీటరు, పెన్సిలు ముద్ర, బిల్లు, అన్నీ కనిపించాలి. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టయ్యే వీడియో ఆపకుండా ఒకటి పెట్టండి. లోపాన్ని ముందే చూపించిన మనిషితో నేను గట్టిగా బేరమాడను. కేరళకైనా రైలెక్కి వెళ్తాను, ఎందుకంటే వెళ్లాక కొత్తగా బయటపడేది ఏమీ ఉండదని నమ్మకం కుదురుతుంది.

వచ్చినవారికి తాళాలిచ్చి పంపకండి, లైసెన్సు చూసి మీరు పక్కన కూర్చోండి. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, అందుచేత సొమ్మంతా బ్యాంకు ద్వారానే తీసుకోండి. అది మీ ఖాతాలో కనిపించాకే కారు కదలాలి. అప్పగించిన తేదీ, గంట, మీటరు అంకె రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం రెండు ప్రతులు ఉంచుకోండి.

చివరి సమాచారం: అప్‌ల్యాండ్స్ వాసి

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. పేరు మార్పుకు ఏడు వారాలు పట్టింది, అందులో ఎక్కువ భాగం పాత పుస్తకం వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కడానికే. ఆ ఏడు వారాల్లోనే బ్రేకుల పని 14,000తో అయిపోయింది. పెయింటు జోలికి వెళ్లలేదు, బావగారు కూడా చివరికి సరేనన్నారు.

ఫియట్ బృందాల్లో ముప్పై ఒక్క ఫొటోలు, రంధ్రంతో సహా, 3,20,000 ధరతో పెట్టాను. పదకొండు మంది అడిగారు, ముగ్గురు వచ్చి చూశారు. రాజమహేంద్రవరం నుంచి తన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చిన ఒక యువ ఇంజనీరు గ్యారేజీలో కారు కింద గంట సేపు గడిపి, 2,85,000కు ఒప్పుకున్నారు. వారాంతాల్లో నడుపుకోవాలన్నది ఆయన కోరిక కాబట్టి మామూలు పొడిగింపే చేయించాం, ఆ రుసుము, ఆలస్య రుసుము చెరిసగం భరించాం. సొమ్ము ఖాతాలో పడ్డాక యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30లలో పేర్లు, తేదీలు నింపి సంతకాలు చేసి, అదే రోజు దరఖాస్తు పెట్టాం. రసీదు నా దగ్గర ఉంది. పేరు మారినట్టు పోయిన మంగళవారం సందేశం వచ్చింది.

రేకు పెట్టెను కూడా కారుతోనే పంపాను. ఆ మరమ్మతు పుస్తకాల్లో చివరి పేజీల తర్వాత తన పనులు రాసుకుంటానని ఆ అబ్బాయి అన్నాడు. కేటాయింపు ఉత్తరానికి మాత్రం ఒక జిరాక్స్ తీయించి అమ్మకు ఇచ్చాను.